గోడ లేచిన రోజే ఖరారయ్యే కరెంటు బిల్లు

నడివేసవిలో రాత్రి తొమ్మిది గంటలకు, పడమటి గది గోడ మీద అరచేయి ఆనించి చూస్తే చాలు, పట్టణ గృహనిర్మాణంలో జరుగుతున్న పొరపాటు చేతికి తగులుతుంది. పొద్దు వాలి రెండు గంటలు దాటినా గోడ ఇంకా వేడిగానే ఉంటుంది. బయట వీధిలో గాలి చల్లబడడం మొదలవుతుంది, గదిలో మాత్రం అప్పుడే ఉక్క ముదురుతుంది. ఆరంగుళాల కాంక్రీటు గోడకు బయటి నుంచి తగిలిన ఎండ వేడి లోపలి ముఖానికి చేరడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకు గోడ మింగిన వేడి సరిగ్గా పిల్లలు పడుకునే వేళకు గదిలోకి దిగుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే తిరుగుతుంది. స్తోమత ఉన్న కుటుంబం ఏసీ కొంటుంది. లేని కుటుంబం తెల్లవారుజాము చల్లదనం కోసం ఎదురుచూస్తూ రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంది.

ఆ గోడ మందం ఎంత, అది ఏ దిక్కుకు ఉండాలి, దానిలో కిటికీ ఎంత తెరుచుకోవాలి అన్నవి ఆ కుటుంబం తాళాలు తీసుకోవడానికి ఎన్నో ఏళ్ల ముందే తేలిపోయాయి. తేల్చినవాళ్లు ఎవరూ ఆ గదిలో ఒక్క రాత్రి కూడా పడుకోరు, ఆ ఇంటి కరెంటు బిల్లు ఒక్క నెల కూడా కట్టరు. వేగంగా పెరుగుతున్న దేశాల నగరాల్లో ఇంధనం ఆదా చేసే ఇళ్లు ఎందుకు అరుదు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. కావలసిన పరిజ్ఞానం కొత్తదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. నిర్ణయం తీసుకునే మనిషి, దాని ఫలితం అనుభవించే మనిషి వేరు కావడమే అసలు సమస్య.

ఈ వ్యవహారం ఎంత పెద్దదో కొన్ని అంకెలు చెబుతాయి. ఐక్యరాజ్యసమితి 2018లో వేసిన అంచనా ప్రకారం అప్పటికి ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణాల్లో ఉంది, 2050 నాటికి అది 68 శాతానికి చేరుతుంది. ఈలోగా పట్టణాల్లో కొత్తగా చేరే 250 కోట్ల మందిలో దాదాపు 90 శాతం ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోనే ఉంటారు. ఒక్క భారత్, చైనా, నైజీరియా కలిసి ఈ పెరుగుదలలో మూడో వంతుకు పైగా మోస్తాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ అదే ఏడాది ఏసీల మీద ఒక లెక్క కట్టింది. అప్పటికి ప్రపంచమంతటా 160 కోట్ల ఏసీలు ఉంటే 2050 నాటికి 560 కోట్లు అవుతాయని తేల్చింది. ప్రపంచంలో అత్యంత వేడి ప్రాంతాల్లో బతుకుతున్న 280 కోట్ల మందిలో ఆనాటికి ఏసీ ఉన్నవారు 8 శాతమే. మిగిలిన 92 శాతానికీ చల్లదనం అవసరమే. వాళ్లు ఏసీ కొనకూడదని ఎవరూ అనలేరు, అనే హక్కు ఎవరికీ లేదు. వాళ్ల కోసం ఇప్పుడు కడుతున్న ఇళ్లు రోజుకు పది గంటలు ఏసీ నడవనిదే కాపురానికి పనికిరాని ఇళ్లా, ఏడాదిలో కొద్ది వారాలు తప్ప దాని అవసరమే రాని ఇళ్లా అన్నది మాత్రం ఇంకా మన చేతుల్లోనే ఉంది.

ఇల్లు యాభై అరవై ఏళ్లు నిలుస్తుంది. బల్బు మార్చవచ్చు, ఫ్రిజ్ మార్చవచ్చు. పదంతస్తుల భవనాన్ని దిక్కు మార్చి తిప్పలేం.

ఇంట్లోకి వేడి వచ్చే దారుల్లో మొదటిది పైకప్పు. ఉష్ణమండలంలో వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి అన్నింటికంటే ఎక్కువ ఎండ పడేది స్లాబు మీదే. ముదురు రంగు స్లాబు ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే ఉపరితలం పది, పదిహేను డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పనులు నిర్మాణరంగంలో అరుదు. ఒకే అంతస్తు ఉన్న ఇళ్లలో, రేకుల కప్పు కింద బతికే బస్తీల్లో ఇదే మొదటి వైద్యం. దుమ్ము పేరుకుంటే పూత గుణం తగ్గుతుంది కాబట్టి కడుగుతూ ఉండాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. పూతతో పాటు స్లాబు పైన వేడిని అడ్డుకునే ఇన్సులేషన్ పొర పరిస్తే ఫలితం ఇంకా స్థిరంగా ఉంటుంది. పైకప్పు గురించి ఇంతకంటే చెప్పవలసింది పెద్దగా లేదు. ఇన్నాళ్లూ అన్ని కట్టడాల్లోనూ తప్పనిసరి ఎందుకు చేయలేదన్నదే ప్రశ్న.

అంతస్తులు పెరిగేకొద్దీ పైకప్పు పాత్ర తగ్గి, గోడల పాత్ర పెరుగుతుంది. పదంతస్తుల భవనంలో స్లాబు వేడి తగిలేది ఆఖరి అంతస్తు వారికే, పడమటి గోడ వేడి తగిలేది పది అంతస్తుల వారికీ. గోడ స్వభావాన్ని ఒక సంఖ్యతో కొలుస్తారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గోడ గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే ఈ సంఖ్యను యూ వాల్యూ అంటారు. ఆరంగుళాల కాంక్రీటు గోడకు ఇది 3.5కు పైనే ఉంటుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు సుమారు 2. లోపల గాలి బుడగలు ఉండే తేలికపాటి ఏఏసీ బ్లాకులతో ఎనిమిదంగుళాల గోడ కడితే 0.8 దగ్గర ఉంటుంది. పది చదరపు మీటర్ల పడమటి గోడను తీసుకుని, ఎండలో ఉన్న బయటి ముఖానికీ గదికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే, కాంక్రీటు గోడ 700 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది, బ్లాకుల గోడ 160 వాట్లు పంపుతుంది. ఒక టన్ను ఏసీ గదిలోంచి తీసిపారేసే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే ఒక్క కాంక్రీటు గోడే ఆ ఏసీ శక్తిలో అయిదో వంతును తినేస్తుంది.

ఈ లెక్క ఇప్పుడు మరీ ముఖ్యం ఎందుకంటే, పేదలకూ మధ్యతరగతికీ వేల సంఖ్యలో ఫ్లాట్లు కట్టే పథకాలు అల్యూమినియం అచ్చుల పద్ధతికి మళ్లుతున్నాయి. ఇటుక, మేస్త్రి, ప్లాస్టరింగ్ ఏదీ లేకుండా గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. అచ్చులు విప్పి పై అంతస్తుకు చేరుస్తారు, వారానికో అంతస్తు లేస్తుంది. భూకంపాలను తట్టుకునే బలం ఉంటుంది, లీకులు తక్కువ, గోడ పలచన కాబట్టి గోడల మధ్య వాడుకునే స్థలం, అంటే కార్పెట్ ఏరియా, కాస్త పెరుగుతుంది. లక్షల ఇళ్ల కొరత ఉన్న దేశానికి ఆ వేగం నిజంగా విలువైనదే. అయితే అలా వచ్చిన నాలుగైదు అంగుళాల కాంక్రీటు గోడ వేడిని ఆపే విషయంలో అన్నింటికంటే బలహీనమైనది. ఒక తరం పేద కుటుంబాలకు సొంతిల్లు ఇచ్చామన్న సంతృప్తి పక్కనే, ఆ తరాన్నంతటినీ వేడి గదుల్లో ఉంచుతున్నామన్న నిజం నిలబడి ఉంది. ఈ పద్ధతిని వదులుకోనక్కరలేదు. ఎండ తగిలే గోడల బయటి వైపు ఇన్సులేషన్ పొర వేయవచ్చు. అచ్చులు తయారయ్యేటప్పుడే కిటికీల పైన, పక్కల కాంక్రీటు రెక్కలు వచ్చేలా చూడవచ్చు. లేదా పడమటి, తూర్పు ముఖాలను మాత్రం బ్లాకులతో కట్టవచ్చు. ఇవేవీ తెలియనివి కావు. టెండరు పత్రంలో లేవు, అంతే.

బరువైన గోడ ఎక్కడైనా చెడ్డదే అనుకుంటే పొరపాటు. పగలు మండిపోయి రాత్రి బాగా చల్లబడే పొడి ప్రాంతాల్లో మందమైన రాతి గోడ, మట్టి గోడ గొప్పగా పనిచేస్తాయి. పగటి వేడిని గోడ మింగుతుంది, రాత్రి కిటికీలన్నీ తెరిస్తే చల్లగాలి ఆ వేడిని తోడేస్తుంది, మర్నాటికి గోడ మళ్లీ సిద్ధంగా ఉంటుంది. సముద్ర తీరాన కథ వేరు. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత అంతగా దిగదు, గాలి నిండా తేమ ఉంటుంది. గోడ మింగిన వేడికి బయటికి పోయే దారి ఉండదు. అక్కడ కావలసింది తేలికైన గోడ, లోతైన నీడ, ఇంటి గుండా అడ్డు లేకుండా సాగే గాలి. ఒకే టైపు డిజైన్‌ను ఎడారి పట్టణంలోనూ, తీర పట్టణంలోనూ, కొండ ప్రాంతంలోనూ అచ్చు గుద్దినట్టు కట్టే ప్రభుత్వ పథకాలు ఈ తేడాను తుడిచేస్తాయి. ఖర్చు మిగిల్చామని అనుకుంటారు గానీ, ఆ ఖర్చు మాఫీ కాదు. కాపురం ఉండేవారి బిల్లులోకి బదిలీ అవుతుంది.

ఇక కిటికీ. ఇంటి మొత్తంలో ఇంత చిన్న భాగం మీద ఇన్ని తప్పులు మరెక్కడా జరగవు. సాయంత్రపు ఎండలో ఒక చదరపు మీటరు పడమటి అద్దం మీద 500 వాట్లకు పైగా వేడి పడుతుంది, మామూలు అద్దమైతే అందులో ఎక్కువ భాగం లోపలికి వచ్చేస్తుంది. లోపల పరదా వేస్తే వెలుతురు ఆగుతుంది గానీ వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చింది. పరదాయే వేడెక్కి గదిని వేడెక్కిస్తుంది. ఎండను అద్దం దాకా రానివ్వకుండా బయటే ఆపాలి. ఉత్తర, దక్షిణ కిటికీలకు పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంటే చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే అటు వచ్చే ఎండ ఎత్తు నుంచి వస్తుంది. తూర్పు, పడమరల్లో సూర్యుడు కిందికి వాలి కంటికి ఎదురుగా ఉంటాడు. పైన ఎంత చూరు దించినా ఆగడు. అక్కడ నిలువు రెక్కలో, బయటి వైపు తెరుచుకునే చెక్క తలుపులో, జాలీలో కావాలి. అందుకే భవనం పొడుగు వైపులు ఉత్తర దక్షిణాలకు, పొట్టి వైపులు తూర్పు పడమరలకు ఉండేలా లేఅవుట్ గీయడం అన్నిటికంటే చవకైన పొదుపు. గీత గీసేటప్పుడు దానికి అయ్యే ఖర్చు సున్నా.

కిటికీ తెరుచుకోవడం మరో సంగతి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది, మిగతా సగాన్ని రెండో రెక్క ఎప్పుడూ మూసే ఉంచుతుంది. తలుపులా తెరుచుకునే రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. భారత్‌లో ఇంధన సామర్థ్య బ్యూరో 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల నియమావళి ఈ సూక్ష్మాన్ని పట్టుకుంది. కిటికీ ఎంత పెద్దది అని కాకుండా తెరుచుకునే భాగం ఎంత అని అడుగుతుంది. ఉక్కపోత ఉండే తేమ ప్రాంతాల్లో అది కార్పెట్ ఏరియాలో కనీసం ఆరో వంతు, వేడి పొడి ప్రాంతాల్లో పదో వంతు ఉండాలంటుంది. నిబంధన ఇల్లు మొత్తానికి వర్తిస్తుంది గానీ, అర్థం కావడానికి ఒక్క గదికి లెక్క వేస్తే ఇలా ఉంటుంది. పన్నెండు చదరపు మీటర్ల పడకగదికి రెండు చదరపు మీటర్లు తెరుచుకోవాలి. మీటరున్నర వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీ నిజంగా తెరుచుకునేది 0.9 చదరపు మీటరే. చూడడానికి పెద్ద కిటికీ, ఊపిరికి చిన్నది.

తెరుచుకున్నా గాలికి బయటికి పోయే దారి కూడా ఉండాలి. మధ్యలో నడవా, అటూ ఇటూ ఫ్లాట్లు ఉండే భవనాల్లో ఒక్కో ఇంటికి ఒకే వైపు బయలు ఉంటుంది. ఒక వైపు నుంచి వచ్చిన గాలి గడప దగ్గరే ఆగిపోతుంది. రాజ్‌కోట్‌లో స్మార్ట్ ఘర్ 3 పేరుతో భారత, స్విట్జర్లాండ్ సహకార ప్రాజెక్టు తోడ్పాటుతో కట్టిన చవక ఇళ్లలో దీనికి ఒక ఉపాయం వెతికారు. స్నానాల గదుల పైపులు దిగే షాఫ్టునే గాలి బయటికి లాగే గొట్టంగా మలిచారు. గోడలకు ఏఏసీ బ్లాకులు, పైకప్పుకు ఇన్సులేషన్ వాడారు, కిటికీ రెక్కల్లో అద్దం భాగాన్ని తగ్గించారు. ఇవి ధనికుల ఇళ్లు కావు, ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టినవి. పేదల ఇంటికి మంచి డిజైన్ భారం అవుతుందన్న వాదన ఇక నిలవదు.

వేడిని ఆపే పని ఇల్లు తానే చేస్తే యంత్రాలకు మిగిలే పని తక్కువ. గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో ఒంటికి తగిలితే సుమారు మూడు డిగ్రీలు చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే వేడి దేశాల్లో ఫ్యాను ఏసీకి పేద చుట్టం కాదు, అసలు సాధనం అదే. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే కొత్త రకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 162 యూనిట్లు మిగులుతాయి. ఎల్‌ఈడీ బల్బుల విషయంలో ఇది ఎలా సాధ్యమో భారత్ చూపింది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద సర్కారే పెద్ద ఎత్తున కొని పంచడంతో 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి, బల్బు ధర అందరికీ అందేలా దిగివచ్చింది. ఫ్యాన్లకూ అదే దారి పనికొస్తుంది.

సౌర పలకల గురించి ఎక్కువ ఆశలు పెంచుతున్నారు కాబట్టి ఒక లెక్క చూడడం మంచిది. అంతస్తుకు నాలుగు చొప్పున పదంతస్తుల్లో 40 ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. మేడ విస్తీర్ణం 400 చదరపు మీటర్లు. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, నడకదారి పోగా సగం మిగులుతుంది. కిలోవాట్‌కు పది చదరపు మీటర్లు చొప్పున 20 కిలోవాట్లు, అంటే ఫ్లాటుకు అర కిలోవాటు. రోజుకు సుమారు రెండు యూనిట్లు వస్తాయి. ఏసీ మీదే ఆధారపడిన ఇంట్లో అవి రెండు గంటల్లో ఆవిరైపోతాయి. గోడలు, కిటికీలు సరిగ్గా ఉన్న ఇంట్లో అవే రెండు యూనిట్లు లైట్లకూ, మంచి ఫ్యాన్లకూ రోజంతా సరిపోతాయి. సౌర విద్యుత్తు ఎంత ఉపయోగపడుతుందో చెప్పేది కూడా చివరికి గోడే.

ఇదంతా సౌకర్యం కోసం చేసే చర్చలా కనిపించవచ్చు. ప్రాణాల సంగతి కూడా ఇందులో ఉంది. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో వచ్చిన వడగాలుల్లో మామూలు రోజులకంటే 1,300 మందికి పైగా అదనంగా చనిపోయారు. దాని తర్వాతే 2013లో ఆ నగరం వేడిమి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2015 జూన్‌లో కరాచీలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎండ మండిపోతున్న ఆ రోజుల్లోనే కరెంటు కోతలు కూడా తోడయ్యాయి. అందరూ ఏసీలు వేసే రోజే విద్యుత్ వ్యవస్థ కుప్పకూలే అవకాశం ఎక్కువ. కరెంటు పోయినా రెండు రోజులు మనిషి ప్రాణానికి ముప్పు లేకుండా ఉండగలిగే గది కట్టాలన్నది వేడి దేశాల భవన నియమావళిలో మొదటి వాక్యం కావాలి. అగ్నిప్రమాదం నుంచి తప్పించుకునే మెట్లకు ఇచ్చే ప్రాధాన్యం దీనికీ ఇవ్వాలి.

ఇల్లు నడవడానికి పట్టే శక్తి ఒకటైతే, కట్టడానికి పట్టేది మరొకటి. సున్నపురాయిని కాల్చి సిమెంటుకు మూలమైన క్లింకర్ చేసేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. బట్టీని సౌర విద్యుత్తుతో వేడి చేసినా ఈ భాగం ఆగదు. సిమెంటు కాలుష్యంలో సగానికి మించి ఇదే. స్విట్జర్లాండ్, క్యూబా, భారత్ పరిశోధకులు కలిసి అభివృద్ధి చేసిన ఎల్‌సీ3 సిమెంటులో క్లింకర్‌ను దాదాపు సగానికి తగ్గించి, కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలుపుతారు. ఉద్గారాలు 30 నుంచి 40 శాతం తగ్గుతాయి. తక్కువ రకం బంకమట్టి పనికొస్తుంది కాబట్టి అది దండిగా ఉన్న ఉష్ణ దేశాలకు ఇది సరిగ్గా అమరే సిమెంటు. అసలు సిమెంటు వాడకాన్నే తగ్గించే దారులూ ఉన్నాయి. కేరళలో దశాబ్దాల పాటు పనిచేసిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వచ్చేలా పేర్చే ర్యాట్ ట్రాప్ పద్ధతిని విస్తృతంగా వాడాడు. అందులో ఇటుకలు సుమారు నాలుగో వంతు మిగులుతాయి, లోపలి గాలి పొర వేడిని కూడా అడ్డుకుంటుంది. స్లాబు కింది భాగంలో బలానికి అవసరం లేని చోట కాంక్రీటు బదులు పెంకులు నింపే ఫిల్లర్ స్లాబు కూడా ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చిందే. ఒకే పనితో ఖర్చు, సిమెంటు, వేడి మూడూ తగ్గించిన మనిషి ఆయన.

ఇంత జాగ్రత్తగా కట్టిన ఇల్లు ఎక్కడ ఉందన్నది మరచిపోతే పడిన శ్రమంతా వృథా అవుతుంది. మెక్సికోలో గృహరుణాలిచ్చే జాతీయ సంస్థ ఇన్‌ఫోనావిట్ 2007లో హరిత రుణం మొదలుపెట్టింది. సోలార్ నీటి హీటర్లు, పొదుపు దీపాలు, నీళ్లు తక్కువ వాడే కొళాయిలు పెట్టించుకునేవారికి అదనపు అప్పు ఇచ్చి, బిల్లులో మిగిలే డబ్బుతో తీర్చుకునేలా చేసిన మంచి పథకం అది. మరో వైపు, ఆ దశాబ్దంలో అదే దేశంలో స్థలం చవక అన్న ఒక్క కారణంతో పనులకు, బడులకు దూరంగా నగరాల అంచుల్లో లక్షల ఇళ్లు లేచాయి. 2010 జనగణనలో దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. అన్నింటికీ దూరమే కారణం కాదు గానీ, రోజూ గంటలకొద్దీ ప్రయాణం చేయలేక తాళం వేసి వెళ్లినవారు వాటిలో ఎందరో ఉన్నారు. ఎవరూ ఉండని ఇంటి మీద సోలార్ హీటర్ ఎవరికి ఆదా? లీటరు పెట్రోలులో ఉన్న శక్తి దాదాపు తొమ్మిది యూనిట్ల కరెంటుతో సమానం. పాతిక కిలోమీటర్ల దూరంలోని పనికి రోజూ మోటారు సైకిల్ మీద వెళ్లివచ్చే మనిషి ఇంటి గోడలతో ఆదా చేసినదానికంటే ఎక్కువ దారిలో తగలేస్తాడు.

నగరం లోపలే నాలుగైదు అంతస్తుల ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే ప్రయాణం తగ్గుతుంది, ఒకరి గోడ మరొకరికి నీడ అవుతుంది. దానికి అడ్డు వచ్చేది చాలా చోట్ల కార్ల పార్కింగ్ నిబంధన. దారితో కలిపి ఒక కారు నిలవడానికి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన తొలి విడతలో నిరుపేద కుటుంబానికి నిర్ణయించిన ఇంటి కార్పెట్ ఏరియా పరిమితి 30 చదరపు మీటర్లు. కారుకూ కుటుంబానికీ ఒకే కొలత! మెక్సికో నగరం 2017లో ఇన్ని కార్లకైనా చోటు ఉండాలన్న కనీస నిబంధన తీసేసి, ఇంతకు మించకూడదన్న గరిష్ఠ పరిమితి పెట్టింది. భవనాల మధ్య చెట్లు నాటడం కూడా గోడకు సాయమే. కొలంబియాలోని మెదెజీన్ 2016 నుంచి 30 హరిత మార్గాలు పెంచి, ఆ దారుల వెంట సుమారు రెండు డిగ్రీల ఉష్ణోగ్రత తగ్గించుకుంది.

కట్టేవారు ఒకరు, కాపురం చేసేవారు ఇంకొకరు అన్న చిక్కు దగ్గరకు మళ్లీ రావాలి. బిల్డర్‌కు మంచి గోడ మీద పెట్టిన అదనపు ఖర్చు ధరలో తిరిగి రాదు, ఎందుకంటే కొనేవారికి గోడ లోపల ఏముందో కనిపించదు. టైల్సు కనిపిస్తాయి, లాబీ కనిపిస్తుంది. ప్రకటనల్లో ఈతకొలను బొమ్మ ఉంటుంది గానీ మే నెల రాత్రి పడకగది ఉష్ణోగ్రత ఉండదు. దాన్ని కనిపించేలా చేయడమే విధానకర్తలు చేయగల పెద్ద మేలు. ఫ్రిజ్ మీద నక్షత్రాలున్నట్టే ఫ్లాటు అమ్మకపు పత్రంలో గోడ, పైకప్పు, కిటికీల లెక్క ఉండాలి. ప్రపంచ బ్యాంకు కుటుంబానికి చెందిన ఐఎఫ్‌సీ నడిపే ఎడ్జ్ ధ్రువీకరణ ఇలాంటిదే. శక్తి, నీరు, నిర్మాణ సామగ్రి తయారీ వల్ల పర్యావరణం మీద పడే భారం మూడింటిలోనూ మామూలు భవనం కంటే కనీసం 20 శాతం ఆదా చూపాలి. బ్యాంకులు అలాంటి ఇళ్లకు వడ్డీ కాస్త తగ్గించడం న్యాయమైన పని, బిల్లు తక్కువ కట్టే కుటుంబానికి వాయిదా కట్టే స్తోమత ఎక్కువ కాబట్టి. నియమావళి ఉంటే చాలదు, అమలు చేసే మనిషి కావాలి. భారత్‌లో ఇంధన పరిరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ నివాస భవనాలను కూడా పరిధిలోకి తెచ్చింది. అయితే ప్లాన్లు చూసే పురపాలక ఇంజినీరు దగ్గర సాఫ్ట్‌వేర్, తీరిక రెండూ తక్కువే. పైకప్పు తెల్లగా ఉందా, పడమటి కిటికీకి బయట నీడ ఉందా, తెరుచుకునే వైశాల్యం ఎంత అన్న మూడు ప్రశ్నలకు టేపు ఒక్కటి చాలు. అనుమతి ఇచ్చేటప్పుడు ఒకసారి, గృహప్రవేశ ధ్రువపత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చే ముందు మరోసారి ఈ మూడూ కొలిచినా సగం పని అవుతుంది.

ఏ ప్లానూ, ఏ అనుమతీ లేకుండా లేచే ఇళ్ల సంగతి వేరు. ప్రపంచంలో వంద కోట్లకు పైగా జనం మురికివాడల్లో ఉన్నారు. అక్కడ ఇల్లు ఒక్కో గది చొప్పున, డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా పెరుగుతుంది. ఆ ఇంటికి ఆర్కిటెక్టు, ఇంజినీరు అన్నీ మేస్త్రే. ఆర్కిటెక్టు బి.వి. దోషి 1980లలో ఇందౌర్‌లో రూపొందించిన అరణ్య కాలనీ ఈ వాస్తవాన్ని గౌరవించింది. సుమారు 6,500 స్థలాలకు నీళ్లు, మురుగు కాలువలు, పునాది వసతులు ఇచ్చి మిగతాది కుటుంబాలకే వదిలింది. చిలీలోని ఇకికేలో ఆర్కిటెక్టు అలెహాండ్రో అరవేనా బృందం 2004 ప్రాంతంలో సగం ఇల్లు కట్టి ఇచ్చి, మిగతా సగానికి ఖాళీ వదిలింది. ఇలాంటి ఇళ్లలో జాగ్రత్తపడవలసింది ఒకటుంది. కొత్త గది వేసేటప్పుడు సాధారణంగా మూసుకుపోయేది పాత గది కిటికీయే. పెరిగే దిశ ఎటో, మూయకూడని గాలి దారి ఏదో మొదటి రోజే పునాదితో గుర్తుపెట్టి ఉంచితే ఈ నష్టం జరగదు. ఇక ఈజిప్టులో 1940లలో ఆర్కిటెక్టు హసన్ ఫతీ మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో కట్టిన న్యూ గుర్నా గ్రామం చల్లదనానికి పాఠ్యపుస్తకంలాంటిది. అయినా ఎవరి కోసం కట్టారో వారిలో చాలామంది అక్కడికి రావడానికి ఒప్పుకోలేదు, వాళ్ల బతుకుతెరువు పాత ఊరితో ముడిపడి ఉంది. ఉండబోయేవారిని ముందు అడగకపోతే ఎంత గొప్ప గోడ అయినా ఖాళీ గదిని చల్లబరుస్తుంది.

ఇప్పటికే కట్టేసిన ఇళ్ల మాటేమిటి? మేడ మీద తెల్లటి పూత వేయవచ్చు. పడమటి కిటికీకి బయటి వైపు వెదురు తడకో, మడిచే తెరో కట్టవచ్చు. పాత ఫ్యాన్లు మార్చవచ్చు. ఏసీల బయటి పెట్టెలు ఇరుకు డక్టుల్లో ఒకదాని మీద ఒకటి వేడి ఊదకుండా బయలు వైపుకు జరపవచ్చు. పదంతస్తుల పడమటి గోడకు బయటి నుంచి ఇన్సులేషన్ వేయాలంటే మాత్రం నలభై కుటుంబాలూ ఒప్పుకోవాలి, పరంజీ కట్టాలి, అందరూ డబ్బు వేసుకోవాలి. కడుతున్నప్పుడు అదే పొర వేయడానికి కావలసింది టెండరు పత్రంలో ఒక్క వాక్యం.